మేస్త్రీ నుండి పర్యవేక్షకుడి దాకా: నిర్వహణ సిద్ధాంత పునాదులపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

శ్రామికులకు అతి దగ్గరగా నిలిచి పని చేయించే వ్యక్తి తొలి అంచె పర్యవేక్షకుడు. నిర్వహణశాస్త్రానికి పునాదులు వేసిన టేలర్, ఫేయోల్, మేయోల ఆలోచనల్లో ఇతని స్థానమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముగ్గురి సిద్ధాంతాలూ ఇతని చుట్టూ తలెత్తిన సమస్యల నుండే పుట్టాయి. అయితే ఒక్కొక్క సిద్ధాంతం ఇతని చేతిలోని ఒక్కొక్క శక్తిని తీసుకొని మరొకరికి అప్పగించింది. తెలుగులోని 'మేస్త్రీ', 'పర్యవేక్షకుడు' అనే రెండు పదాల మధ్య ఉన్న అర్థభేదం ఈ పరిణామాన్ని స్పష్టంగా చూపుతుంది. ఈ పదాల వ్యుత్పత్తి, సిద్ధాంతాల అంతర్గత తర్కం, భారతీయ కార్మిక చట్టాలు, బొగ్గుగనుల్లోని సర్దార్ బాధ్యతలు ఆధారంగా ఈ చర్చ సాగుతుంది.

కీలక పదాలు: మేస్త్రీ, పర్యవేక్షణ, ఫోర్‌మన్, శాస్త్రీయ నిర్వహణ, ఆదేశ ఏకత్వం, మానవ సంబంధాలు, సర్దార్, పరిభాష.

1. ప్రవేశిక

డిగ్రీ స్థాయిలో ప్రభుత్వపాలననో, వాణిజ్యశాస్త్రాన్నో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి టేలర్ శాస్త్రీయ నిర్వహణ, ఫేయోల్ పద్నాలుగు సూత్రాలు, మేయో హాథార్న్ ప్రయోగాలు సుపరిచితాలు. ఈ మూడింటినీ వరుసగా వచ్చిన మూడు దశలుగా బోధించడం ఆనవాయితీ. మొదటిది యాంత్రికమనీ, రెండవది పాలనాపరమనీ, మూడవది మానవీయమనీ చెప్పి, ఒకదాని లోపాన్ని మరొకటి పూరించినట్లు చూపుతారు. పరీక్షకు ఈ వరుస చాలు. కాని మూడు సిద్ధాంతాల్లోనూ ఉన్న ఒక ఉమ్మడి పాత్ర ఈ వరుసలో కనిపించకుండా పోతుంది. అది కర్మాగారంలో ఫోర్‌మన్, గనిలో సర్దార్, కట్టడం పనిలో మేస్త్రీ.

యాజమాన్యం మాట శ్రామికుడికి చేరేది ఇతని నోటి ద్వారానే. శ్రామికుడి కష్టం పైవారికి తెలిసేదీ, తెలియకుండా పోయేదీ ఇతని వల్లనే. పనిలో నేర్పు, పనిపై అధికారం, పనివారితో సంబంధం అనే మూడూ ఒకే మనిషిలో కలిసే చోటు ఇదే. కనుక నిర్వహణ సిద్ధాంతాన్ని విమర్శనాత్మకంగా చదవదలచినవారు శిఖరం నుండి కిందికి కాక, ఈ తొలి మెట్టు నుండి పైకి చదివితే కొత్త ప్రశ్నలు ఎదురవుతాయి.

2. పదాల సాక్ష్యం

'పర్యవేక్షణ' అనే పదంలో పరి, అవ అనే ఉపసర్గలు, 'ఈక్షణ' అనే చూపును తెలిపే శబ్దం ఉన్నాయి. అన్ని వైపులా కలయజూడటం దీని అర్థం. ఇంగ్లీషు నుండి వచ్చిన 'సూపర్‌వైజర్' కూడా ఇటువంటిదే. పైనుండి చూడటం అనే అర్థమిచ్చే లాటిన్ పదాల కలయిక అది. రెండు పదాల్లోనూ ఉన్న క్రియ ఒక్కటే: చూడటం. చూసేవాడికి పని వచ్చునా రాదా అన్న విషయంలో ఈ రెండు పదాలూ మౌనంగా ఉంటాయి.

'మేస్త్రీ' చరిత్ర వేరు. పోర్చుగీసువారి 'మెస్త్రె' నుండి ఈ మాట భారతీయ భాషల్లోకి ప్రవేశించింది. దాని మూలం లాటిన్‌లోని 'మజిస్తెర్'. గురువు, నిపుణుడు, పెద్ద అనే అర్థాలు దానికున్నాయి. అదే లాటిన్ మూలం ఇంగ్లీషు 'మాస్టర్'గా మారి, తెలుగులో 'మాస్టారు' అయింది. అంటే గోడ కట్టించే మేస్త్రీ, బడిలో పాఠం చెప్పే మాస్టారు ఒకే పదానికి రెండు దారుల్లో వచ్చిన వారసులు. తాపీ మేస్త్రీ, వడ్రంగి మేస్త్రీ అనే వాడుకల్లో ఈ గురుత్వం నేటికీ నిలిచి ఉంది. అతడు పని తెలిసినవాడు, పని నేర్పేవాడు, పని చేయించేవాడు. మేస్త్రీకి 'చూడటం' ఈ మూడింటిలో ఒక భాగం మాత్రమే.

ఫ్రెంచివారు ఫోర్‌మన్‌ను 'కోంత్రమేత్ర్' అంటారు. అందులోని 'మేత్ర్' కూడా 'మజిస్తెర్' సంతానమే. ఇంగ్లీషు 'ఫోర్‌మన్' అంటే ముందు నిలిచే మనిషి. ఈ పాత పదాలన్నీ పనిలో ఉన్నవాడిని సూచిస్తుంటే, 'పర్యవేక్షకుడు', 'సూపర్‌వైజర్' అనేవి పనికి వెలుపల నిలిచినవాడిని సూచిస్తున్నాయి. ఈ మార్పు పదాల్లోనే ఆగలేదు. సిద్ధాంతాల్లోనూ అదే దిశలో ప్రయాణం సాగింది.

3. టేలర్: ఎనిమిది ముక్కలైన ఫోర్‌మన్

ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ (1856–1915) సిద్ధాంతకర్త కావడానికి ముందు తొలి అంచె పర్యవేక్షకుడు. 1878లో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కూలీగా చేరి, కొంతకాలానికి లేత్ యంత్రాల మీద పనిచేసే జట్టుకు పెద్ద అయ్యాడు. ఉత్పత్తి పెంచాలని అతడు, పెంచరాదని శ్రామికులు సుమారు మూడేళ్లు పోరాడారు. ఈ పోరాటం నుండి టేలర్ గ్రహించిన సత్యం ముఖ్యమైనది. ఏ పనికి ఎంత సమయం పడుతుందో శ్రామికులకు తెలుసు, పర్యవేక్షకుడికి తెలియదు. జట్టులోని అందరి జ్ఞానం ముందు ఫోర్‌మన్ జ్ఞానం స్వల్పం.

ఈ నిర్ధారణ నుండి రెండు దారులు చీలుతాయి. పర్యవేక్షకుడు శ్రామికుల దగ్గర నేర్చుకోవాలనేది ఒకటి. శ్రామికుల జ్ఞానాన్ని కొలిచి, రాసి, వారి చేతి నుండి తప్పించాలనేది రెండవది. టేలర్ రెండవదాన్ని ఎంచుకున్నాడు. 1903లో వెలువడిన 'షాప్ మేనేజ్‌మెంట్' గ్రంథంలో సమర్థుడైన ఫోర్‌మన్‌కు ఉండవలసిన తొమ్మిది గుణాలను పేర్కొన్నాడు. తెలివి, విద్య, సాంకేతిక పరిజ్ఞానం, నేర్పు, ఉత్సాహం, పట్టుదల, నిజాయితీ, వివేకం, ఆరోగ్యం వంటివి అందులో ఉన్నాయి. ఇవన్నీ ఒక్కరిలో దొరకడం దాదాపు అసాధ్యమని చెప్పి, ఆ పదవినే ఎనిమిది భాగాలు చేశాడు. పని క్రమాన్ని నిర్ణయించేవాడు, సూచనపత్రాలు రాసేవాడు, కాలవ్యయాల లెక్కలు చూసేవాడు, క్రమశిక్షణాధికారి అనే నలుగురు ప్రణాళికా విభాగానికి చెందుతారు. జట్టు నాయకుడు, వేగం చూసేవాడు, నాణ్యత పరీక్షకుడు, మరమ్మతు చూసేవాడు అనే నలుగురు పనిచోట ఉంటారు.

ఇది పైకి శ్రమవిభజనగా కనిపించినా, లోతుగా చూస్తే జ్ఞానవిభజన. ఆలోచన గదిలోకి వెళ్లింది, ఆచరణ నేలమీద మిగిలింది. పూర్వపు ఫోర్‌మన్ నిరంకుశత్వం దీనివల్ల తగ్గిన మాట నిజమే. ఒక మనిషి ఇష్టాయిష్టాల స్థానంలో కొలత వచ్చింది. టేలర్‌కు దక్కవలసిన గౌరవం ఇక్కడ దక్కాలి. అయితే బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మలు మోసిన శ్రామికుడి ఉదాహరణ ఈ కొలత ఎటు మొగ్గిందో తెలుపుతుంది. 1911లో ప్రచురించిన గ్రంథంలో టేలర్ చెప్పిన కథనం ప్రకారం ఆ శ్రామికుడి రోజు పని 12.5 టన్నుల నుండి 47.5 టన్నులకు పెరిగింది. కూలి 1.15 డాలర్ల నుండి 1.85 డాలర్లకు చేరింది. మోత దాదాపు నాలుగింతలయితే కూలి రెండింతలైనా కాలేదు. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు కూర్చోవాలో పక్కనున్నవాడు చెబుతుంటే శ్రామికుడు పాటించాడు. ఆ పక్కనున్నవాడికి కూడా సొంత నిర్ణయం లేదు. చేతిలోని గడియారం, గదిలోంచి వచ్చిన లెక్క చెప్పినట్లు నడవడమే అతని పని. టేలర్ పద్ధతిలో శ్రామికుడితో పాటు అతని మేస్త్రీ కూడా నైపుణ్యాన్ని కోల్పోయాడు. టేలర్‌పై వచ్చిన విమర్శల్లో శ్రామికుడి నష్టానికి దక్కినంత చోటు ఈ రెండవ నష్టానికి దక్కలేదు.

4. ఫేయోల్: గొలుసులో బిగిసిన కడియం

టేలర్ ఏర్పాటులోని ప్రధాన దోషాన్ని గుర్తించినవాడు హెన్రీ ఫేయోల్ (1841–1925). ఎనిమిదిమంది పెద్దలకు ఒక శ్రామికుడు జవాబు చెప్పుకోవడం ఆదేశ ఏకత్వానికి విరుద్ధమని అతడు అభ్యంతరం తెలిపాడు. ఫోర్‌మన్‌కు నిపుణుల సాయం అవసరమని ఒప్పుకుంటూనే, ఆజ్ఞ ఒక్కరి నుండే రావాలన్నాడు. ఫేయోల్ గని ఇంజనీరు. 1860లో ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గుగనుల్లో చేరి, 1888లో ఆ సంస్థకు అధిపతి అయ్యాడు. అతని ప్రసిద్ధ గ్రంథం 1916లో వెలువడింది.

ఆ గ్రంథంలోని ఒక పట్టిక ఈ చర్చకు కీలకం. పారిశ్రామిక సంస్థలో ఒక్కొక్క స్థాయి ఉద్యోగికి కావలసిన సామర్థ్యాలను నూటికి ఇంతని ఫేయోల్ పంచాడు. శ్రామికుడికి సాంకేతిక సామర్థ్యం 85 పాళ్లు, పాలనా సామర్థ్యం 5 పాళ్లు. ఫోర్‌మన్ దగ్గరికి వచ్చేసరికి అవి 60, 15 అవుతాయి. మెట్లు ఎక్కేకొద్దీ మొదటిది తగ్గి, రెండవది పెరుగుతుంది. ఈ అంకెలు ప్రయోగాల్లో తేలినవి కావు, అనుభవజ్ఞుడి అంచనాలు. అయినా వాటిలో ఒక ఉదార భావన ఉంది. శ్రామికుడికి సైతం కొంత పాలనాశక్తి కావాలని, ఫోర్‌మన్‌కు అది మూడింతలు కావాలని ఫేయోల్ గుర్తించాడు. పాలన పైవారి గుత్తసొత్తు కాదనీ, అందరికీ నేర్పదగిన విద్య అనీ వాదించాడు.

మరి ఈ ఉదారత ఆచరణలో ఎంతవరకు వెళ్లింది? 1861లో గనిలో జరిగిన ఒక సంఘటనను ఫేయోల్ నమోదు చేశాడు. గని లోపల బండి లాగే గుర్రం కాలు విరిగింది. యువ ఇంజనీరుగా ఉన్న ఫేయోల్ మరొక గుర్రం కోసం ఉత్తర్వు రాశాడు. దానిపై సంచాలకుడి సంతకం లేదని గుర్రపుశాల కాపరి నిరాకరించాడు. సంచాలకుడు ఊళ్లో లేడు. పని ఆగిపోయింది. దీని నుండి ఫేయోల్ తీసిన నీతి, అధికారం ఎన్నడూ లేకుండా ఉండరాదనీ, అధికారి లేనప్పుడు ప్రతినిధి ఉండాలనీ.

ఇదే సంఘటనకు మరొక వ్యాఖ్యానం సాధ్యం. గుర్రం కాలు విరిగిన సంగతి కళ్లారా చూసినవాడికి మరో గుర్రాన్ని తెప్పించుకొనే అధికారం ఎందుకు లేదు? లోపం అధికారి లేకపోవడంలో ఉందా, అధికారమంతా అతని దగ్గరే ఉండటంలో ఉందా? ఫేయోల్ మొదటి ప్రశ్నతో ఆగాడు. తరువాతి కాలంలో అతడు సూచించిన 'వంతెన', అంటే రెండు విభాగాల్లో సమానస్థాయివారు నేరుగా మాట్లాడుకొనే వెసులుబాటు, రెండవ ప్రశ్న వైపు వేసిన ఒక అడుగు. కాని ఆ వంతెనకూ పైవారి అనుమతి ఉండాలి. ఆ విధంగా టేలర్ విడదీసిన పర్యవేక్షకుణ్ణి ఫేయోల్ మళ్లీ ఒక్కడిగా చేశాడు గాని, గొలుసులో ఒక కడియంగా బిగించాడు.

5. హాథార్న్: మెత్తబడిన స్వరం

షికాగో సమీపంలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో 1924 నుండి 1932 వరకు పరిశోధనలు సాగాయి. ఎల్టన్ మేయో (1880–1949) పేరుతో ప్రచారం పొందిన ఈ పరిశోధనల సారాంశంగా వాచకాలు చెప్పేది ఇది: శ్రామికులను మనుషులుగా చూస్తే ఉత్పత్తి పెరుగుతుంది. రిలే పరికరాలు కూర్చే ప్రత్యేక గదిలో పనిచేసిన కొద్దిమంది యువతుల ఉత్పత్తి పెరగడం దీనికి ప్రధాన నిదర్శనం.

ఆ గదిలో మామూలు ఫోర్‌మన్ ఒత్తిడి లేదు. పరిశీలకుడే స్నేహపూర్వకంగా పర్యవేక్షణ కూడా చేశాడు. కాని అదే గదిలో అతిగా మాట్లాడుతున్నారన్న కారణంగా ఇద్దరు యువతులను 1928లో మార్చి, వారి స్థానంలో వేరొకరిని తెచ్చారు. స్నేహం వెనుక అధికారం చెక్కుచెదరకుండా ఉందనడానికి ఈ ఒక్క విషయం చాలు. 1931–32లో తీగలు కూర్చే గదిలో 14 మంది పురుషులపై జరిగిన పరిశీలన మరింత విలువైనది. ఎంత పని చేయాలో శ్రామికులు తమలో తాము నిర్ణయించుకొని, దానికి కట్టుబడ్డారు. వారిపై ఉన్న జట్టు పెద్ద నిబంధనల ఉల్లంఘనను చూసీ చూడనట్లు వదిలి, చాలా విషయాల్లో వారి పక్షాన నిలిచాడు. మిడ్‌వేల్‌లో టేలర్ ఎదుర్కొన్న సమస్యే అర్ధశతాబ్దం తరువాత కూడా సజీవంగా ఉంది. తేడా ఒకటే. టేలర్ జట్టుతో పోరాడాడు, ఇతడు జట్టుతో బతికాడు.

ఈ నలుగుబాటును సూటిగా చెప్పినవాడు హాథార్న్ పరిశోధకుల్లో ఒకడైన ఫ్రిట్జ్ రోత్లిస్‌బర్గర్. 1945లో రాసిన వ్యాసంలో ఫోర్‌మన్‌ను రెండు నాలుకల మాటకు యజమానిగానూ బాధితుడిగానూ అభివర్ణించాడు. కింద జరిగేదాన్ని పైవారు వినదలచిన భాషలోకి, పైవారి ఆజ్ఞను కిందివారు భరించగల భాషలోకి మార్చడమే అతని నిత్యకృత్యం. మానవ సంబంధాల వాదం దీనికి సూచించిన పరిష్కారం శిక్షణ. వినడం, ఓర్పు, మెత్తని మాట నేర్పడం. ఇవి అవసరమే. అయితే స్వరాన్ని మార్చుకొమ్మన్న సిద్ధాంతం, అతనికి సొంత మాట ఉండాలా వద్దా అన్నది తేల్చలేదు.

6. మేస్త్రీ మరో ముఖం

ఇంతవరకు సాగిన చర్చ మేస్త్రీని పోగొట్టుకున్న ఆదర్శంగా చూపుతున్నట్లు అనిపించవచ్చు. చరిత్ర దానికి ఒప్పుకోదు. కోరంగి వంటి రేవుల నుండి బర్మాకు వెళ్లిన తెలుగు కూలీల వలస మేస్త్రీ పద్ధతిలోనే సాగింది. బయానా ఇచ్చి మనుషులను పోగుచేసేవాడూ, అప్పులో బిగించేవాడూ, పని చేయించేవాడూ ఒక్కడే. పాలమూరు వలసకూలీల జీవితంలో 'గుంపు మేస్త్రీ' కూడా ఇటువంటివాడే. 1929లో ఏర్పడి 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమిషన్, భారతీయ కర్మాగారాల్లో జాబర్, సర్దార్, ముకద్దం, మేస్త్రీ వంటి పలు పేర్లతో ఉన్న ఈ మధ్యవర్తి చేతిలో నియామకం, తొలగింపు, లంచం కలిసిపోయాయని గుర్తించింది. నియామకాధికారం అతని నుండి తప్పించి కార్మికాధికారికి ఇవ్వాలని సిఫారసు చేసింది.

అందువల్ల మేస్త్రీ శక్తులను విడివిడిగా తూచాలి. నియామకం, అప్పు, కూలి పంపకం అనేవి శ్రామికుణ్ణి అతనికి బానిస చేసిన శక్తులు. వాటిని తొలగించడం న్యాయం. పని నేర్పడం, పని తీరును నిర్ణయించడం, ప్రమాదాన్ని పసిగట్టి పని ఆపడం అనేవి శ్రామికుణ్ణి కాపాడే శక్తులు. సంస్కరణ పేరుతో ఈ రెండు రకాలనూ కలిపి ఊడ్చివేయడమే పొరపాటు.

7. గనిలోని సర్దార్: సిద్ధాంతానికి ఒక సవాలు

ఈ రెండింటినీ వేరుచేసిన ఏర్పాటు ఒకటి భారతీయ బొగ్గుగనుల్లో కనిపిస్తుంది. సింగరేణి ప్రాంతంలో సర్దార్, ఓవర్‌మన్ అనే మాటలు ఇంటింటికీ తెలిసినవి. విట్లీ కమిషన్ నాటికి మధ్యవర్తిగా ఉన్న సర్దార్, తరువాతి గని చట్టాల్లో అర్హతపత్రం పొందిన ఉద్యోగి అయ్యాడు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2017 నాటి నిబంధనలు సర్దార్‌కు నిర్దిష్టమైన బాధ్యతలు అప్పగించాయి. తన పరిధిలోని పనిస్థలాల్లో కప్పు, పక్కగోడలు, గాలి, వాయువుల స్థితిని అతడు తనిఖీ చేయాలి. ప్రమాదం కనిపిస్తే మనుషులను వెనక్కి రప్పించాలి. ఈ పనికి పైవారి సంతకం కోసం ఎదురుచూడనక్కర లేదు.

గని కప్పును కర్రతో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి రాయి గట్టిగా ఉన్నదో వదులైనదో పసిగట్టడం గనుల్లో పాతకాలం నుండి ఉన్న విద్య. ఈ జ్ఞానం ప్రణాళికా గదిలోని సూచనపత్రంలో ఇమడదు. ఆ క్షణంలో, ఆ చోట, ఆ చెవికి మాత్రమే అందుతుంది. ఫేయోల్ గుర్రం కథలో లేనిది ఇక్కడ ఉంది: చూసినవాడి చేతిలోనే నిర్ణయం. మేరీ పార్కర్ ఫాలెట్ (1868–1933) 1925లో ప్రతిపాదించిన 'సందర్భ నియమం' ఇటువంటి స్థితికే సరిపోతుంది. ఆజ్ఞ ఒక వ్యక్తి నుండి మరొక వ్యక్తికి వెళ్లడం కంటే, ఇద్దరూ సందర్భం ఇచ్చే ఆజ్ఞను గుర్తించడం మేలని ఆమె భావించింది. వాచకాల్లో ఫాలెట్‌కు దక్కే చోటు తక్కువ. తొలి అంచె నుండి చదివితే ఆమె ఆలోచన కేంద్రానికి వస్తుంది.

అయితే నిబంధన వేరు, నిర్వహణ వేరు. ఉత్పత్తి లక్ష్యం ఒకవైపు, కప్పు చప్పుడు మరొకవైపు ఉన్నప్పుడు పని ఆపిన సర్దార్‌కు సంస్థ అండగా నిలుస్తుందా అన్నదే ఏ నిర్వహణ విధానానికైనా అసలు పరీక్ష.

8. అతడు ఎవరి పక్షం?

అమెరికాలో ఫోర్‌మన్లు 1941లో డెట్రాయిట్‌లో సొంత సంఘం పెట్టుకున్నారు. 1947 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు ప్యాకార్డ్ మోటార్ కంపెనీ వ్యాజ్యంలో వారి సంఘహక్కును గుర్తించింది. అదే సంవత్సరం జూన్‌లో వచ్చిన టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం పర్యవేక్షకులను ఉద్యోగి నిర్వచనం నుండే తొలగించింది. భారతదేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1956లో చేసిన సవరణ, నెలకు 500 రూపాయలు దాటిన వేతనంతో పర్యవేక్షణ చేసేవారిని కార్మిక నిర్వచనం నుండి మినహాయించింది. ఆ పరిమితి 2010లో 10,000కు పెరిగింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతిలో అది 18,000 అయింది. అతడు శ్రామికుడా, యాజమాన్యంలో భాగమా అనే ప్రశ్నకు సిద్ధాంతం జవాబివ్వలేదు కనుక చట్టం ఒక అంకెతో జవాబిచ్చింది. పనిలో ఏ మార్పూ లేకుండానే, ఒక జీతం పెంపుతో మనిషి గీతకు అవతలివైపు చేరవచ్చు. అలా చేరినవాడికి నిర్ణయాధికారం రాకపోగా, కార్మికుడిగా ఉన్న రక్షణ పోతుంది.

2005 చట్టం కింద నడిచిన ఉపాధి హామీ పనుల్లో మేట్ స్థితి దీనికి గ్రామీణ రూపం. కొలతలు గుర్తించి పని పంచడం, హాజరు వేయడం మేట్ బాధ్యతలు. తరువాత ఫోన్ యాప్‌లో రోజుకు రెండుసార్లు పనిచోటి ఫొటోలు ఎక్కించడం ఆ బాధ్యతల్లో చేరింది. దొంగ హాజరును అరికట్టే ఉద్దేశం మంచిదే. కాని ఫొటో ఎక్కకపోతే కూలి చిక్కులో పడుతుంది, దాన్ని అక్కడికక్కడే సరిదిద్దే అధికారం మేట్‌కు ఉండదు. కూలీల ప్రశ్నలు మాత్రం మేట్‌నే చుట్టుముడతాయి. టేలర్ ప్రణాళికా గది ఇప్పుడు అరచేతిలోకి వచ్చిందనుకోవచ్చు. పర్యవేక్షకుడు చూడటం కూడా మాని, చూసే పరికరాన్ని పట్టుకొని నిలిచేవాడయ్యాడు.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• నిర్వహణశాస్త్రపు మూడు ప్రధాన పునాదులూ తొలి అంచె పర్యవేక్షకుడి సమస్యతో ముడిపడి ఉన్నాయి. టేలర్ అతని జ్ఞానాన్ని, ఫేయోల్ అతని స్వతంత్ర నిర్ణయాన్ని, మానవ సంబంధాల వాదం అతని సొంత గొంతును మరొకరికి అప్పగించాయి.

• 'మేస్త్రీ' స్థానంలో 'పర్యవేక్షకుడు' రావడం పరిభాషలో జరిగిన చిన్న మార్పు కాదు. నేర్పేవాడి స్థానంలో చూసేవాణ్ణి నిలిపిన ఆలోచనకు అది భాషారూపం. వాచకాలు రాసేవారు ఈ భేదాన్ని విద్యార్థులకు వివరించడం అవసరం.

• మేస్త్రీ పద్ధతిలోని అప్పు, నియామకాధికారాలు తిరిగి రాకూడనివి. పని నేర్పే, పని ఆపే శక్తులు తిరిగి ఇవ్వవలసినవి. బొగ్గుగని నిబంధనల్లో సర్దార్ స్థానం ఈ విభజన సాధ్యమేనని చూపుతుంది.

• పర్యవేక్షకుడి హోదాను వేతనపు అంకెతో కాక, అతని చేతిలో నిజంగా ఉన్న నిర్ణయాధికారంతో కొలవాలి. నిర్ణయం లేనివాణ్ణి యాజమాన్యంలో భాగంగా లెక్కించడం న్యాయసమ్మతం కాదు.

పైనుండి వచ్చే ప్రణాళిక ఎంత శాస్త్రీయమైనదైనా, అది పనిగా మారేది తొలి మెట్టు మీదనే. అక్కడ నిలిచినవాడికి ప్రమాదం కనిపించినప్పుడు 'ఆపండి' అనే అధికారం, అన్న తరువాత ఉద్యోగానికి భద్రత ఉన్నాయా అన్న ప్రశ్నతో ప్రతి నిర్వహణ సిద్ధాంతాన్నీ పరీక్షించవలసి ఉంది.